డబ్బా మీది మాట: కాస్టిక్ సోడా లేబుల్ కథ

కాస్టిక్ సోడా పలుకులను చూస్తే భయపడవలసినది ఏదీ కనిపించదు. తెల్లగా ఉంటాయి, వాసన ఉండదు, గాలిలోని తేమను పీల్చుకుని కాసేపటికి చెమ్మగిల్లుతాయి. చిన్నపిల్లలు పంచదార అనుకోవచ్చు. నీళ్ళలో కరిగిస్తే ఆ ద్రావణానికీ మంచినీళ్ళకూ చూపులో తేడా ఉండదు. అంటే ఈ పదార్థంలోని ప్రమాదం కంటికి కనిపించేది కాదు, ఎవరో ఒకరు చెప్పవలసినది. ఆ చెప్పే పనిని డబ్బా మీద అంటించిన కాగితానికి ఎప్పుడు అప్పగించారు? ఆ కాగితం మీద ఏం ఉండాలన్న ఆలోచన కాలంతోపాటు ఎలా మారింది? ఈ పాఠంలో ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

క్షారం ఇంట్లోకి వచ్చిన దారి

క్షారాలు మనకు కొత్తవి కావు. మన చాకిరేవుల్లో బట్టలు ఉడకబెట్టడానికి వాడిన చౌడుమట్టిలో ఉండేది ప్రధానంగా సోడియం కార్బొనేట్. యూరప్, అమెరికా పల్లెల్లో కట్టెల బూడిదను నీళ్ళలో నానబెట్టి, వడగట్టి, ఆ క్షారజలంతో సబ్బు వండుకునేవారు. ఇవి బలహీనమైన ద్రావణాలు. 1791లో ఫ్రాన్స్‌లో నికొలా లెబ్లాంక్ మామూలు ఉప్పు నుంచి సోడియం కార్బొనేట్ తయారుచేసే పద్ధతికి పేటెంట్ పొందాడు. దానిని సున్నంతో చర్య జరిపిస్తే కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, వస్తుంది. 1890ల నాటికి ఉప్పునీటిలో విద్యుత్తును ప్రవహింపజేసి నేరుగా కాస్టిక్ సోడాను, దానితోపాటు క్లోరిన్ వాయువును తయారుచేయడం మొదలైంది. కాగితం, సబ్బు, రేయాన్, బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే పరిశ్రమ వంటివెన్నో నేటికీ దీనిమీదే నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొవ్వూరు, కర్నూలు ప్రాంతాల కర్మాగారాలు ఈ పద్ధతిలోనే దీనిని తయారుచేస్తున్నాయి.

చవకగా, గాఢంగా దొరకడం వల్ల అది కర్మాగారంలోనే ఆగిపోలేదు. మూసుకుపోయిన తూములను శుభ్రం చేయడానికీ, ఇంట్లో సబ్బు చేసుకోవడానికీ చిన్న చిన్న డబ్బాల్లో వంటింటికి చేరింది.

అది శరీరంలో ఏం చేస్తుందో ఇక్కడ తెలుసుకోవాలి. గాఢమైన ఆమ్లం తగిలినప్పుడు కణజాలంలోని మాంసకృత్తులు గడ్డకట్టి ఒక పొరలా ఏర్పడతాయి. ఆ పొర ఆమ్లం లోపలికి దిగకుండా కొంతవరకు అడ్డుపడుతుంది. క్షారం అలా కాదు. అది కొవ్వును సబ్బుగా మారుస్తుంది, మాంసకృత్తులను కరిగిస్తుంది, కణజాలాన్ని మెత్తబరుస్తూ లోలోపలికి దిగిపోతుంది. కొన్నిసార్లు మొదట నొప్పి కూడా అంతగా తెలియదు. మింగితే అన్నవాహిక లోపలి గోడ కాలిపోతుంది. పిల్లవాడు ప్రాణాలతో బయటపడినా, మానిన పుండు గట్టిపడి వాహిక ఇరుకైపోతుంది. కొన్ని వారాల తరువాత అన్నం దిగదు, ఆ తరువాత పాలు దిగవు, చివరకు నీళ్ళూ దిగవు.

ఒక వైద్యుడి పట్టుదల

ఈ పిల్లలను దగ్గరగా చూసినవాడు షెవలియర్ జాక్సన్ అనే అమెరికా వైద్యుడు. 1865లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. ముక్కు, గొంతు వ్యాధుల నిపుణుడు. గొంతులోకి గొట్టం దించి అన్నవాహికను కంటితో చూసే పరికరాలను రూపొందించాడు. క్షారం మింగి అన్నవాహిక మూసుకుపోయిన పిల్లలు ఆయన దగ్గరకు ఒకరి తరువాత ఒకరుగా వచ్చేవారు. వారి ఇరుకైన వాహికను కొద్దికొద్దిగా వెడల్పు చేయడం నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరాలు పట్టే పని.

జాక్సన్ గొప్పతనం ఈ చికిత్సతో ఆగిపోలేదు. ఈ పిల్లలకు రావలసిన జబ్బేమీ రాలేదనీ, ఒక డబ్బా మీద ఒక మాట లేకపోవడం వల్లనే వారికి ఈ గతి పట్టిందనీ ఆయన గుర్తించాడు. మందుల దుకాణంలోని విషాల మీద హెచ్చరిక ఉండేది. కిరాణా దుకాణంలో అమ్మే క్షారం డబ్బా మీద మాత్రం అలాంటి హెచ్చరిక తప్పనిసరి కాదు. చట్టం కోసం ఆయన ఎన్నో ఏళ్ళు తిరిగాడు, రాశాడు, శాసనకర్తలను కలిశాడు. అమెరికా వైద్య సంఘం ఆయనకు అండగా నిలిచింది. చివరకు 1927 మార్చి 4న అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ సంతకంతో ఫెడరల్ కాస్టిక్ పాయిజన్ చట్టం వచ్చింది.

ఆ చట్టం ఏం కోరిందో గమనించండి. గంధకామ్లం, హైడ్రోక్లోరికామ్లం, కాస్టిక్ సోడా, అమ్మోనియా వంటి పదార్థాల పట్టిక ఇచ్చి, ఒక్కొక్కదానికీ ఒక గాఢత హద్దు పెట్టింది. కాస్టిక్ సోడాకు ఆ హద్దు 10 శాతం. ఆ హద్దు చేరిన సరుకును ఇంటి వాడకానికి అమ్మేటప్పుడు పదార్థం పేరు, తయారీదారు లేదా అమ్మకందారు పేరు, చిరునామా, ప్రమాదం జరిగితే చేయవలసిన చికిత్స డబ్బా మీద ఉండాలి. ‘విషం’ అన్న మాట స్ఫుటంగా, కనీసం 24 పాయింట్ల అక్షరాలతో ఉండాలి. అక్షరం సైజును కూడా చట్టంలో రాయడం చాదస్తం కాదు. చిన్న అక్షరాలతో ఒక మూలన అచ్చువేసిన హెచ్చరికను ఎవరూ చదవరని చట్టం రాసినవారికి తెలుసు.

అయితే ఈ చట్టానికి రెండు పరిమితులున్నాయి. మొదటిది, లేబుల్ మీది సలహా ఆనాటి వైద్యానికి లోబడి ఉంటుంది. క్షారం మింగినవారికి విరుగుడుగా వెనిగర్, నిమ్మరసం తాగించమని పాత డబ్బాల మీద రాసేవారు. నేటి వైద్యం అలా చేయవద్దంటుంది. వాంతి చేయించడం కూడా తప్పు, ఎందుకంటే కాల్చుకుంటూ లోపలికి వెళ్ళినది పైకి వచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. రెండవది, ‘విషం’ అన్న మాట చదవగలిగినవారికే పనికివస్తుంది.

మాట నుంచి బొమ్మకు

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత రసాయనాల రవాణా దేశాల సరిహద్దులు దాటి పెరిగింది. ఒక రేవులో పీపాలను ఎక్కించేవాడి భాష ఒకటి, మరో రేవులో దించేవాడి భాష వేరొకటి. ఐక్యరాజ్యసమితి నియమించిన నిపుణుల సంఘం ప్రమాదకర సరుకుల రవాణాపై తన మొదటి సిఫారసులను 1956లో ప్రచురించింది. ఆ సిఫారసుల నుంచి ఎదిగిన పద్ధతిలో ప్రమాదకర సరుకులు తొమ్మిది తరగతులు. విష పదార్థాలు ఆరవ తరగతిలో ఉంటాయి. తినివేసే పదార్థాలకు ప్రత్యేకంగా ఎనిమిదవ తరగతి ఏర్పడింది. ఇక్కడ భావనలోనే ఒక మార్పు ఉంది. 1927లో అమెరికా ‘కాల్చే విషం’ అన్నదానిని కొత్త పద్ధతి విషాల నుంచి వేరుచేసింది. సైనైడ్ శరీరంలో కలిసి ప్రాణక్రియలను ఆపుతుంది. కాస్టిక్ సోడా తగిలినచోటనే కణజాలాన్ని నాశనం చేస్తుంది. ప్రమాదం తీరు వేరు కనుక జాగ్రత్త కూడా వేరు.

ఎనిమిదవ తరగతి గుర్తును మీరు ట్యాంకర్ల మీద చూసే ఉంటారు. ఒక మూల మీద నిలబెట్టిన చదరం, పైసగం తెలుపు, కింది సగం నలుపు. రెండు గాజు గొట్టాల నుంచి కారుతున్న ద్రవం ఒకవైపు చేతినీ, మరొకవైపు లోహపు ముక్కనూ తినివేస్తుంటుంది. దానితోపాటు ప్రతి పదార్థానికీ నాలుగంకెల సంఖ్య ఉంటుంది. ఘన కాస్టిక్ సోడాకు 1823, దాని ద్రావణానికి 1824, గాఢ గంధకామ్లానికి 1830. బోల్తాపడిన ట్యాంకర్ మీద ఆ సంఖ్య కనిపిస్తే అగ్నిమాపక సిబ్బంది డ్రైవరు స్పృహలోకి వచ్చేదాకా ఆగనక్కరలేదు.

తీవ్రతను అంచనా వేయడానికి కాలం కొలతగా మారింది. చర్మానికి 3 నిమిషాలలోపు తగిలినా కోలుకోలేని హాని చేసేవి మొదటి వర్గం, 3 నిమిషాలు దాటి గంట లోపల చేసేవి రెండవ వర్గం, గంట దాటి 4 గంటల లోపల చేసేవి మూడవ వర్గం.

మన దేశం నేర్చుకున్న పాఠం

1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ వెలువడింది. ఆసుపత్రులకు పరుగెత్తినవారికి చికిత్స చేయవలసిన వైద్యులకు ఆ వాయువు గురించి తగిన సమాచారం లేదు. సరిగ్గా ఏడాదికి, 1985 డిసెంబరు 4న, ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగార సముదాయం నుంచి ఓలియం, అంటే పొగలుగక్కే గంధకామ్లం, వెలువడింది. ఆ ఆవరణలోనే కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారయ్యే ప్లాంటు కూడా ఉండేది. దానిని తిరిగి నడపడానికి అనుమతిస్తూ 1986 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పెట్టిన షరతులలో ఒకటి మన పాఠానికి ముఖ్యమైనది. క్లోరిన్ శరీరానికి చేసే హాని ఏమిటో, తగిలిన వెంటనే ఏ చికిత్స చేయాలో తెలిపే పట్టికను ఇంగ్లీషులోనూ హిందీలోనూ గేటు దగ్గర పెట్టాలన్నది ఆ షరతు. అది కార్మికులకే కాదు, ప్రజలకు కూడా. ప్రమాదం గురించి తెలుసుకోవడం యజమాని దయ కాదు, పనిచేసేవాడి హక్కు అన్న భావన ఇందులో కనిపిస్తుంది.

1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదాల వివరాలను కార్మికులకు వెల్లడించడం తప్పనిసరి చేశారు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా మీదా లోపల ఏముందో, ఎవరు తయారుచేశారో లేదా దిగుమతి చేసుకున్నారో, దాని భౌతిక, రసాయన, విష లక్షణాలేమిటో ఉండాలి. అదే ఏడాది వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు రవాణా వాహనం మీద తరగతి గుర్తును, అత్యవసర సమాచార పలకను తప్పనిసరి చేశాయి. అటువంటి వాహనం నడిపే డ్రైవరుకు ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలన్నాయి.

ఒకే గుర్తు, ఒకే మాట

అప్పటికీ ఒక చిక్కు మిగిలింది. ఒకే సరుకు ఒక దేశంలో ఒక లేబుల్‌తో, మరో దేశంలో మరో లేబుల్‌తో ఉండేది. 1992లో రియో డి జనీరోలో జరిగిన భూగోళ సదస్సు అందరికీ ఒకే పద్ధతి కావాలని కోరింది. ఫలితంగా 2003లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ సమన్వయ పద్ధతిని ప్రచురించింది. ఎర్ర అంచున్న తెల్లని చదరంలో తొమ్మిది బొమ్మలు, ‘ప్రమాదం’ లేదా ‘హెచ్చరిక’ అనే సంకేత పదం, ఆపైన హాని వాక్యం. కాస్టిక్ సోడాకు హెచ్ 314 అనే వాక్యం వర్తిస్తుంది. చర్మాన్ని తీవ్రంగా కాలుస్తుంది, కంటికి హాని చేస్తుంది అని దాని అర్థం. యూరప్ నిబంధనల్లో 5 శాతం గాఢతకే కాస్టిక్ సోడా అత్యంత తీవ్రమైన ఉపవర్గంలో చేరుతుంది. 1927 నాటి 10 శాతం హద్దుతో దీనిని పోల్చి చూడండి.

లేబుల్ చేయలేని పని

ఇంత చరిత్ర ఉన్న ఈ కాగితాన్ని ఒక్క నిమిషంలో వృథా చేయవచ్చు. పెద్ద పీపాలోంచి కొంత తీసి, ఖాళీ మంచినీళ్ళ సీసాలో పోసి, గూట్లో పెడితే చాలు. పీపా మీది గుర్తు పీపా మీదే ఉండిపోతుంది. సీసా మీద మిగిలేది మంచినీళ్ళ పేరే. బొమ్మకు భాష అక్కరలేదన్నది కూడా సగం నిజమే. చేతి మీద కారుతున్న ద్రవం బొమ్మను మొదటిసారి చూసినవాడు చేతులు కడుక్కోమంటున్నదేమో అనుకోవచ్చు. దాని అర్థాన్ని ఒకరు నేర్పాలి.

కాబట్టి మీ ఇంట్లో, ప్రయోగశాలలో, పని స్థలంలో మూడు విషయాలు చూసుకోండి. తినివేసే పదార్థం దాని అసలు డబ్బాలోనే ఉన్నదా? వేరే పాత్రలోకి మార్చక తప్పకపోతే పేరు, గుర్తు కొత్త పాత్ర మీదికి వచ్చాయా? దగ్గరలో ధారాళంగా నీళ్ళున్నాయా? చర్మం మీదగాని, కంట్లోగాని పడితే మొదటి చికిత్స నీళ్ళే. కనీసం 20 నిమిషాలపాటు ధారగా కడుగుతూ ఉండాలి, తరువాత వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. కలిపేటప్పుడు కాస్టిక్ సోడాను కొద్దికొద్దిగా నీళ్ళలో వేయాలేగాని, దానిమీద నీళ్ళు పోయరాదు.

జాక్సన్ 1958లో 92 ఏళ్ళ వయసులో మరణించాడు. ఆయన రూపొందించిన గొట్టాలు వాహిక కాలిపోయిన పిల్లల కోసం. ఆయన తెప్పించిన లేబుల్ ఏ వైద్యుడి దగ్గరకూ వెళ్ళనవసరం లేకుండా పెరిగిన పిల్లల కోసం. ఆ పిల్లలెందరో ఎవరూ లెక్కపెట్టలేరు.