మ్వేకా కొండపైని కళాశాల

ఆఫ్రికా ఖండమున అన్నిటికంటె ఎత్తయినది కిలిమంజారో, 5,895 మీటర్లు. దాని దక్షిణపు వాలులో, మోషీ పట్టణమునకు ఎగువన, కాఫీ తోటలకును అడవికిని నడుమ మ్వేకా అను గ్రామమున్నది. 1963లో అక్కడ ఒక కళాశాల వెలసినది. వన్యమృగములను కాపాడు విద్యను ఆఫ్రికా యువకులకు గరపుటకై ఆ ఖండమున ఏర్పడిన మొదటి కళాశాల అదే. దాని పుట్టుకను గురించి కొంత ముచ్చటింపదలచినాము.

టాంగనీకా తొలుత జర్మనుల చేతిలోను, మొదటి ప్రపంచయుద్ధము పిమ్మట ఆంగ్లేయుల చేతిలోను ఉండెను. ఆ కాలమున మృగసంరక్షణ శాఖలో వార్డెను అనగా తెల్లదొరయే. ఆఫ్రికనుకు దక్కినవి జాడ తీయుట, తుపాకి మోయుట, కావలి కాయుట. ఏనుగుల మంద ఏ దారిన నీటికి పోవునో ఆ కావలివానికి తెలిసినంతగా దొరకు తెలియదు. అయినను పటము గీయుట, లెక్క వ్రాయుట, న్యాయస్థానములో అభియోగము నడుపుట అతనికి ఎవ్వరును నేర్పలేదు. పైపెచ్చు, లైసెన్సు పుచ్చుకొని సింహమును కొట్టిన దొర వేటగాడు. కూటికొరకు జింకను కొట్టిన పల్లెవాడు దొంగ. 1959లో సెరెంగెటీ జాతీయోద్యానమునుండి మాసాయి పశుపాలకులను తప్పించి, పొరుగుననున్న గోరొంగోరో ప్రాంతమునకు పంపినారు. ఉద్యానమనగా పరాయివాని సొత్తని జనులు తలచినారన్న ఆశ్చర్యమేమున్నది?

ఇట్టి స్థితిలో స్వాతంత్ర్యము రానున్నది. తెల్ల అధికారులు ఓడలెక్కిన తరువాత ఈ మృగముల గతి యేమి? 1961 సెప్టెంబరులో అరూషా పట్టణమున జరిగిన ప్రకృతి సంరక్షణ సభలో ప్రధానమంత్రి జూలియస్ న్యెరెరే పేర ఒక ప్రకటన వెలువడినది. (1967 నాటి సామ్యవాద ప్రకటనకు కూడ అరూషా పేరే ఉన్నది, రెంటిని కలగలుపరాదు.) వన్యమృగములు తమ భవితవ్యమునకు ఆధారములనియు, వానిని కాపాడుటకు ప్రత్యేక పరిజ్ఞానము, తరిఫీదు పొందిన మనుషులు, ధనము కావలెననియు, అందుకు ఇతర దేశములు తోడ్పడవలెననియు దాని సారాంశము. మృగముల సౌందర్యమును వర్ణించు ప్రకటనలు పెక్కు. పని తెలిసిన మనుషులు కావలెనని అడిగినవి తక్కువ. మా దృష్టిలో ఆ నడిమి మాటకే విలువ యెక్కువ. ఆ డిసెంబరు 9న దేశము స్వతంత్రమైనది.

కళాశాల స్థాపనకు నడుము కట్టినవాడు అప్పటి ప్రధాన మృగసంరక్షకుడు బ్రూస్ కిన్‌లాక్. విదేశ సంస్థలు విరాళములును విద్యార్థి వేతనములును సమకూర్చినవి. తొలి ప్రిన్సిపాలు హ్యూ లాంప్రే జంతుశాస్త్రజ్ఞుడు, విమానము నడుపగలవాడు. తరంగీరే అడవిలో ఆయన చేసిన పరిశోధన ఇచ్చట చెప్పదగినది. ఒకే అడవిలో ఇన్ని జాతుల పెద్ద మృగములు కొట్లాడుకొనక ఎట్లు బ్రదుకుచున్నవని ఆయన విచారించినారు. జిరాఫీకి చెట్టు పైకొమ్మ. ఇంపాలా జింకకు పొదల యాకు, పచ్చిక. చారల గుర్రమునకు ముదురు గడ్డి. ఒక్కొక్క జాతికి వేరు మేత, వేరు చోటు, వేరు ఋతువు. పంక్తిభోజనములో ఎవరి విస్తరి వారిదే యన్నట్లున్నది వ్యవహారము. ఈ పంపకము తెలియనిదే, పశువుల మంద వచ్చి చేరినప్పుడు ఎవరి విస్తరికి లోటు కలుగునో అధికారికి బోధపడదు. బోధపడనివాడు పశుపాలకుని తొలగిపొమ్మనుట మాత్రమే నేర్చును.

మ్వేకాలో చదువు చాలవరకు ఆరుబయటనే. కొలిచిన బాటవెంట నడచి, కనబడిన మృగములను లెక్కించి, దానినిబట్టి అడవిమొత్తమునకు అంచనా కట్టుట, పటము చదువుట, తుపాకి, చట్టము, దారిలో నిలిచిపోయిన లారీని బాగుచేయుట. ఈ కడపటి విద్య చిన్నదేమియు కాదు.

మన డెహ్రాడూన్ అటవీ పాఠశాల 1878 నాటిది. అయితే అక్కడి చదువు ప్రధానముగా కలపను గూర్చినది. వన్యప్రాణి విద్యకై అదే యూరిలో ప్రత్యేక సంస్థ ఏర్పడినది 1982లో. అనగా ఈ విషయమున మ్వేకా మనకంటె పందొమ్మిదేండ్లు పెద్ద. ఫ్రెంచి మాటలాడు ఆఫ్రికా దేశముల కొరకు కామెరూన్‌లోని గరూవాలో ఇట్టి పాఠశాల 1970లో వెలసినది.

మ్వేకా కళాశాల గడప దాటగనే వేరొక పాఠమున్నది. ఆ వాలున నివసించు చాగ్గాలు అరటి, కాఫీ పండించువారు. కొండవాగులనుండి కాలువలు త్రవ్వి తోటలకు నీరు పారించుకొన్నవారు. వంటచెరకును పశువుల మేతయును వారికి అడవినుండి రావలసినదే. 1941లో ఆంగ్ల ప్రభుత్వము అడవి అంచున అర మైలు వెడల్పుగల పట్టీని వారి అవసరములకై ప్రత్యేకించినది. 1973లో పర్వతపు పైభాగము జాతీయోద్యానమైనది. 2005లో దిగువ అడవి సైతము అందులో కలిసినది. ఉద్యానపు చట్టము అటవీ చట్టమంత మెత్తనిది కాదు. గడ్డిమోపుతో అడవినుండి దిగివచ్చు స్త్రీని ఆపవలెనా, పోనీయవలెనా అనునది మృగముల లెక్కలోగాని తుపాకి శిక్షణలోగాని తేలునది కాదు. ఆ ప్రశ్న కళాశాల కిటికీలోనుండి చూచినను కనబడును.