సాంటోరిని ద్వీపయాత్రకు ముందు

విదేశములందు ఉద్యోగములు చేయుచున్న మన పిల్లలు, వేసవి సెలవులు సమీపించునప్పటికి, ఎచ్చటికైనను పోయి నాలుగు దినములు విశ్రమించి రావలెనని ఆలోచించుచుందురు. జర్మనీలోనో ఇంగ్లండులోనో కాపురమున్నవారికి గ్రీసు దేశపు దీవులు దూరము కావు. అట్టి యిండ్లలో తఱచుగా వినబడు పేరు సాంటోరిని. కొండకొమ్మున తెల్లని యిండ్లు, నీలిరంగు గుమ్మటములు, క్రింద లోతైన సముద్రము - ఈ చిత్రమును చూడనివారు నేడు అరుదు. "నాన్నగారూ, మీరును అమ్మయు ఈ మాఱు మాతో రండి" అని కుమారుడు పిలిచినచో, ఊరిలోని పెద్దలకు రెండు సందేహములు కలుగును. అచ్చట చూడదగినది ఏమున్నది? ఏ కాలమున పోయి, ఎచ్చట దిగి, ఎన్ని దినము లుండవలెను?

మొదటి ప్రశ్నకు సమాధానము తెలిసినగాని రెండవదానికి సమాధానము దొరకదు. ఆ దీవియొక్క చరిత్ర తెలియనివాడు దాని అందమును చూచి, ఒక పటము తీసికొని, మఱునాడే మఱచిపోవును. కావున ముందుగా చరిత్రను చెప్పి, పిమ్మట ప్రయాణపు మాట చెప్పెదను.

గ్రీసు దేశమునకు ఆగ్నేయముగా ఈజియను సముద్రములో, క్రీటు అను పెద్ద ద్వీపమునకు ఉత్తరముగా రమారమి 110 కిలోమీటర్ల దూరమున ఈ దీవి కలదు. గ్రీకులు దీనిని థేరా యందురు. సాంటోరిని అనునది సెయింట్ ఐరీన్ అను క్రైస్తవ పుణ్యస్త్రీ పేరునుబట్టి మధ్యయుగములలో ఇటలీ నావికులవలన వచ్చిన పేరు. వైశాల్యము 76 చదరపు కిలోమీటర్లు మాత్రమే. నివసించువారు ఇంచుమించు 15 వేలమంది. మన మండలములలో ఒకదానికంటె ఇది పెద్దది కాదు. ఆకారము నెలవంకవంటిది. ఆ వంకలోపలి ప్రక్క నిట్టనిలువుగా 300 మీటర్ల యెత్తున కొండచఱియ సముద్రములోనికి దిగియున్నది. వెలుపలి ప్రక్క నేల మెల్లమెల్లగా వాలి నల్లని యిసుక తీరములను చేరుచున్నది. వంకకు ఎదురుగా మఱియొక చిన్న దీవి, నడుమ నీటిలో రెండు నల్లని రాతిదిబ్బలు కలవు. చూచువారు దీనిని సముద్రపు పాయ యనుకొందురు. నిజమునకు అది అగ్నిపర్వతపు నోరు. తెల్లని యిండ్లన్నియు ఆ నోటి అంచున కట్టబడినవి.

ఇప్పటికి సుమారు 3600 సంవత్సరములకు పూర్వము ఆ పర్వతము పేలెను. ఆ యేడు ఏదియను విషయమున పండితులలో నేటికిని వాదము కలదు, క్రీ. పూ. 17వ శతాబ్దపు చివరనని కొందఱు, 16వ శతాబ్దమున నని కొందఱు. పేలుడు మాత్రము మానవులు చూచిన మహోత్పాతములలో ఒకటి యనుటకు సందేహము లేదు. బూడిదయు, తేలికైన నురుగురాయియు మీటర్లకొలది మందమున నేలను కప్పెను. భూమి కూలి సముద్రగర్భమున మునిగెను.

ఆ బూడిదక్రింద ఒక పట్టణము నిదురించియుండెను. 19వ శతాబ్దమున సూయెజు కాలువపనులకై ఈ దీవినుండి అగ్నిపర్వతపు మట్టిని త్రవ్వి యెత్తుకొనిపోవుచుండగా పాతకాలపు గోడలు బయల్పడినవి. 1967లో స్పిరిడాన్ మారినాటోస్ అను గ్రీకు పురాతత్త్వవేత్త అక్రోతిరి అను పల్లెకడ త్రవ్వకము ప్రారంభించెను. రెండు మూడంతస్తుల మేడలు, రాళ్లు పఱచిన వీథులు, వాని క్రింద మురుగుకాలువలు, ధాన్యము నింపిన పెద్ద కాగులు బయటపడినవి. గోడలపై చిత్రములు రంగు చెడక నిలిచినవి. కలువలవంటి పూలపై వ్రాలు వానకోవెలలు, రెండు చేతులను చేపలగుత్తులు పట్టుకొన్న యువకుడు, వరుసగా పోవు నావలు అందు కనుపట్టును. మారినాటోస్ పండితుడు 1974లో ఆ త్రవ్వకముల చోటనే మరణించెను.

ఆ చిత్రములలో నీలిరంగు కోతులు కొన్ని రాళ్లపై ఎగబ్రాకుచున్నవి. గ్రీసు దేశమున కోతులు లేవు. ఈజిప్టునుండి తెచ్చినవని చాలకాలము తలచిరి. ఇటీవల కోతుల జాతులను పరిశోధించు శాస్త్రజ్ఞులు కొందఱు, పైకెత్తి వంచిన తోకను, కాళ్లచేతుల పొడవును పరిశీలించి, ఇవి మన కొండముచ్చులేయని అభిప్రాయపడిరి. అందఱును దీని నంగీకరింపలేదు గాని, అది నిజమైనచో మూడున్నర వేలయేండ్లకు పూర్వమే సింధునదీ ప్రాంతపు జంతువును ఎఱిగిన చిత్రకారుడు ఆ దీవిలో చేయి నడపెనన్నమాట. మన తోపులలో తిరుగు కొండముచ్చును అంత దూరమున గోడపై చూచినప్పుడు కలుగు ఆనందము వేఱు.

చిత్రములకంటెను ఆశ్చర్యకరమైనది మఱియొకటి కలదు. ఇంతవఱకు త్రవ్విన వీథులలో బూడిదవలన మరణించిన మనుష్యుల యెముకలు దొరకలేదు. విలువగల సొత్తును అంతగా దొరకలేదు. ముందుగా భూకంపము వచ్చెను. జనులు కూలిన గోడలరాళ్లను ఎత్తి కుప్పలు వేసి, యిండ్లు బాగుచేసికొనుటకు మొదలిడిరి. అంతలో పర్వతము పొగ క్రక్కగా పనులు విడిచి వెడలిపోయిరి. సగము బాగుచేసిన యిండ్లు అట్లే నిలిచిపోయినవి.

ఈ దీవి చరిత్రమంతయు ఇట్టి వలసలతోను, తిరిగి రాకలతోను నిండియున్నది. హెరొడొటస్ అను ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు ఒక కథ చెప్పియున్నాడు. స్పార్టానుండి థేరాస్ అను నాయకుడు వచ్చి ఈ దీవిలో నివసించినందున దీనికా పేరు వచ్చెనట. అంతకుముందు దీనిని కల్లిస్తే, అనగా మిక్కిలి యందమైనది, అనెడివారట. తరువాత ఏడు సంవత్సరములు వాన కురియలేదు. దీవిలో ఒక్క చెట్టు తప్ప అన్నియు ఎండిపోయినవి. దేవవాణి ఆజ్ఞ ననుసరించి, ఇద్దఱు సోదరులున్న యింటినుండి ఒక్కని చొప్పున చీట్లు వేసి తీసి, రెండు ఓడలపై ఆఫ్రికా తీరమునకు పంపిరి. పోయినవారికి అచ్చట దిక్కు తోచక తిరిగి వచ్చిరి. అప్పుడు ఒడ్డుననున్న స్వజనులే వారిని దిగనీయక బాణములు మొదలగువానితో కొట్టి, మరలి పొమ్మనిరి. గత్యంతరము లేక పోయినవారు క్రమముగా క్రీ. పూ. 630 ప్రాంతమున సైరీని అను గొప్ప నగరమును స్థాపించిరి. దాని శిథిలములు నేటికిని లిబియా దేశమున కలవు.

అన్నదమ్ములను దిగనీయని ఆ యూరివారు కఠినహృదయులా? కఱవునాటి యేరును, ఎండిన బావిని చూచినవారు ఆ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పరు. థేరాలో నది లేదు. ఏడాదికి పడు వాన 400 మిల్లీమీటర్లకు లోపల. మన అనంతపురమునకంటె తక్కువ. ఇండ్లకప్పుల మీద పడిన ప్రతి చుక్కను తొట్లలో నింపికొని తరతరములు బ్రదికిరి. ద్రాక్షతీగెను పందిరికి ఎక్కింపక, గాలికి ఆగునట్లు నేలమీదనే గంపవలె చుట్టుదురు. రాత్రివేళ సముద్రమునుండి వచ్చు మంచును నురుగురాయినేల పీల్చి వేరున కందించును. మన కేసరిపప్పునకు దగ్గఱ చుట్టమైన ఒక పప్పుధాన్యమును అక్రోతిరివారు పండించిరి. నేటి రైతులును దానినే పండించి ఫావా అను పేర వండుకొనుచున్నారు. నడుమ అంతటి ప్రళయము గడచినను ఆ పంట నశింపలేదు.

పర్వతము మాత్రము శాంతింపలేదు. వంకనడుమనున్న రాతిదిబ్బలలో పెద్దది 1707లో సముద్రమునుండి పైకి లేచెను. 1650లో దీవికి ఈశాన్యముగా సముద్రమున మునిగియున్న కొలుంబో అను మఱియొక అగ్నిపర్వతము పేలి, విషవాయువులవలన పలువురు ప్రాణములు కోల్పోయిరి. నడిమిదిబ్బ కడపటిసారి నిప్పు క్రక్కినది 1950లో. 1956 జూలై 9వ తేదీని పెద్ద భూకంపము వచ్చి 50 మందికి పైగా మరణించిరి. వేలకొలది యిండ్లు పాడైనవి. ఎందఱో ఊరు విడిచి ఏథెన్సు నగరమునకు పోయిరి. 2025 ఫిబ్రవరిలో వేలకొలది చిన్న ప్రకంపనములు వచ్చి, పాఠశాలలు మూసి, పదివేలమందికి పైగా జనులు ఓడలమీదను విమానములమీదను తాత్కాలికముగా వెడలిపోయిరి. మూడువేల ఆఱువందల యేండ్లనాడు అక్రోతిరివారు చేసిన పనినే వీరును చేసిరి. దైవకృపచేత ఈసారి పర్వతము పేలలేదు. జనులు తిరిగి యిండ్లు చేరిరి.

ఇక నేటి స్థితి. కొండచఱియలోని మెత్తని బూడిదరాతిని తొలిచి గుహలవలె కట్టుకొన్న యిండ్లు ఒకప్పుడు బీదల నివాసములు. కఱ్ఱ దొరకని దీవిలో అవి వేసవియందు చల్లగాను, చలికాలమున వెచ్చగాను ఉండెడివి. 1956 తరువాత పాడుపడిన ఆ గుహలను 1970ల నుండి బాగుచేసి బాటసారులకు విడుదులుగా మార్చిరి. నేడు వానిలో ఒక రాత్రి యుండుటకు అయ్యెడి ఖర్చు ఒక పేదకుటుంబమునకు నెల గ్రాసము. 15 వేలమంది యున్న దీవికి ఏటేట 30 లక్షలకు పైగా యాత్రికులు వచ్చుచున్నారు. పెద్ద ఓడలనుండి ఒక్కదినమున పదివేలమంది దిగిన రోజులును కలవు. అందుచేత ఓడలవారికి దినమునకు 8 వేలమంది యను పరిమితి పెట్టిరి. 2025 జూలైనుండి రద్దీకాలమున ఓడలో వచ్చువారినుండి తలకు 20 యూరోల సుంకము వసూలు చేయుచున్నారు. సముద్రపునీటిని యంత్రములతో మంచినీరుగా మార్చి వాడుచున్నారు. ఈ రాకపోకలవలననే దీవికి కూడు దొరకుచున్నది. వానివలననే అచ్చటి ఉపాధ్యాయునకు, వైద్యునకు అద్దెయిల్లు దొరకుట కష్టమగుచున్నది. వానలేక బిడ్డలను వెడలగొట్టిన దీవికి, నేడు అతిథులు మితిమీరి బాధ కలిగినది.

ఇప్పుడు ప్రయాణపు మాట. జూలై, ఆగస్టు నెలలను విడువవలెను. ఎండయు, ఉత్తరపు గాలియు, జనసమ్మర్దమును అప్పుడే యెక్కువ. మే నెలగాని, సెప్టెంబరు చివరగాని మేలు. ఏథెన్సురేవైన పిరేయసునుండి ఓడవేగమునుబట్టి 5 మొదలు 8 గంటల ప్రయాణము. విమానమున ముప్పాతిక గంట. పగటియోడలో పోయినచో ఆ పర్వతపు నోటిలోనికి ప్రవేశించు దృశ్యమును కన్నులార చూడవచ్చును. కొండకొమ్ముననున్న ఫీరా, ఓయా అను ఊళ్లలో విడిదిఖర్చు అధికము, మెట్లును అధికము. మోకాళ్లనొప్పులు గల పెద్దలు పీర్గోస్ వంటి లోపలి ఊరిలోగాని, తూర్పుతీరమున కమారిలోగాని దిగి, సాయంకాలము బస్సులో కొమ్ముకు పోయి సూర్యాస్తమయము చూచి రావచ్చును. పాతరేవునుండి ఫీరాకు ఇంచుమించు 600 మెట్లు, తీగెబండి కలదు. కంచరగాడిదలపై ఎక్కువాడుకయు కలదు గాని, దాని వీపుబరువు దానికే తెలియును. 100 కిలోలకుగాని, జంతువు బరువులో అయిదవవంతునకుగాని మించి మోయింపరాదని 2018లో గ్రీకు ప్రభుత్వమే నియమము చేసినది.

నాలుగు రాత్రులు చాలును. మొదటి ఉదయము అక్రోతిరి. 2005లో దాని పైకప్పు కూలి ఒక యాత్రికుడు మరణించుటచే మూసివేసి, క్రొత్తకప్పు వేసి 2012లో తెఱచిరి. అటునుండి ఫీరాలోని ప్రాచీన వస్తుప్రదర్శనశాలలో నీలికోతులను చూడవలెను. రెండవ దినము కొండపైనున్న పురాతన థేరానగర శిథిలములు. చీట్లు వేసి బిడ్డలను పంపినవారి ఊరు అదియే. మూడవనాడు పడవపై నడిమిదిబ్బకు పోయి, 1950లో చల్లారిన రాతిపై కాలు మోపవచ్చును. నాలుగవ దినము ఏ పనియు పెట్టుకొనక, ఒక ద్రాక్షతోటగట్టున కూర్చుండి, ఆ రైతు తీగెను గంపవలె ఎట్లు చుట్టుచున్నాడో చూడవలెను. మన రైతునకు ఆ దీవిలో నేర్చుకొనదగినది అచ్చట కలదు.

బయలుదేరుటకు ముందు భూకంపవార్తలను విచారించుట, విడిదిలో నీటిని ఇంటిబావి నీటివలె పొదుపుగా వాడుట, పరుల యింటికప్పునెక్కి పటములు తీయకుండుట - ఇవి చిన్న నియమములు. మన యింటికి వచ్చిన అతిథి మన కుండలోని నీరెంతయో యెఱిగి త్రాగినచో మనము వానిని మఱల పిలుతుము. థేరావారును మనవంటివారే. మీ పిల్లలు ఈ వేసవిలో ఆ దీవిమాట యెత్తినప్పుడు, విడిదిని గూర్చి మాటాడుటకు ముందు, ఆ యేడేండ్ల యనావృష్టి కథను వారికి చెప్పుడు.