చెరకు తోటలో జెనీవా సంతకం

భాద్రపద మాసం, మధ్యాహ్నం దాటింది. మీరు ఉమ్మడి విశాఖ జిల్లా తుమ్మపాల పొలాల్లో, చెరకు చాళ్ల మధ్య నిలబడి ఉన్నారు. తోట మనిషి ఎత్తును మించింది. లోపల గాలి ఆడటం లేదు, ఆకు అంచులు మోచేతులను గీరుతున్నాయి. మీ ఎదుట భార్యాభర్తలిద్దరు జడచుట్లు వేస్తున్నారు. నాలుగైదు గెడలను దగ్గరకు లాగి, వాటి ఎండాకునే మెలిపెట్టి బిగిస్తున్నారు. తుపాను గాలికి తోట ఒరిగిపోకుండా వీళ్లు చేసుకునే కాపు ఇది. ఒరిగిన చెరకుతో మంచి బెల్లం రాదు.

పడమటి కొండల మీద మబ్బు కమ్మింది. ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది.

"ఏటి మావా అది?"

"పిడుగులు పడతాయంట. బేగి పద."

ఆయన భుజం మీదుగా మీరూ చూడండి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పంపిన మెసేజీ, తెలుగులో ఉంది. చెట్ల కింద ఉండొద్దు, భద్రమైన చోటికి వెళ్లండి అంటోంది. ఆమె కొడవలి అందుకుంది. ముగ్గురూ గట్టెక్కి రోడ్డు వైపు నడుస్తున్నారు.

ఇలాంటి హెచ్చరికకు ఒక మూస ఉంది. పంపేదెవరు, ప్రమాదమేమిటి, ఎంత త్వరగా కదలాలి, ఎంత తీవ్రం, ఎంత ఖాయం, ఏ ప్రాంతానికి, ఎప్పటిదాకా అనే గళ్లన్నీ అందులో ముందే గీసి ఉంటాయి. దాని పేరు కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్. జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2007లో దాన్ని ఎక్స్.1303 అనే సిఫారసుగా ఆమోదించింది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం సీ-డాట్ తయారుచేసిన 'సచేత్' వ్యవస్థ నడిచేది ఆ మూస మీదే. అందులో భాషకూ ఒక గడి ఉంది. ఒకే హెచ్చరికను ఎన్ని భాషల్లోనైనా పంపవచ్చు. నాకు అన్నిటికన్నా విలువైన గడి అదే. ఎక్కడో బల్లల చుట్టూ కూర్చున్న ఇంజనీర్లు ఆ గడి గీసి ఉండకపోతే, ఈ రైతు జేబులోకి తెలుగు ఇంత సులువుగా వచ్చేది కాదు.

ఆ యూనియన్ 1865లో టెలిగ్రాఫు తీగల కోసం పుట్టింది. భారతదేశం 1869 నుంచే అందులో ఉంది. దాని సాంకేతిక సిఫారసులు చట్టాలు కావు, అయినా దేశాలు పాటిస్తాయి. పాటించకపోతే ఒకరి యంత్రం ఇంకొకరి యంత్రంతో మాట్లాడలేదు. 2024 అక్టోబరులో ఆ ప్రమాణాల మహాసభ ఢిల్లీలోనే జరిగింది.

రోడ్డు పక్క శ్లాబు ఇంటి వసారాలోకి చేరారు. మొదటి చినుకులు రాలాయి, వెంటనే ఉరుము. ఇంటి ముసలామె మిమ్మల్ని లోపలికి జరగమంటోంది. "హుదూద్ నాడు సెల్లులన్నీ మూగబోయాయి బాబూ" అంటోంది.

2014 అక్టోబరు 12. ఆ తుపానుకు పేరు ఒమన్ ఇచ్చింది. పేర్ల జాబితా ప్రపంచ వాతావరణ సంస్థ నీడన ఈ ప్రాంత దేశాలు కలిసి రాసుకున్నది. పేరు, ప్రమాణం, ముందస్తు అంచనా అన్నీ ఉన్నాయి. గాలి వచ్చాక ఉమ్మడి విశాఖ జిల్లాలో సెల్ టవర్లు కూలాయి, కరెంటు పోయింది. జెనీవా రాత టవరు దాకానే పనిచేస్తుంది. టవరుకు డీజిలు, బ్యాటరీ, గట్టి పునాది మన బాధ్యతే.

ఇప్పుడు సెల్ బ్రాడ్‌కాస్ట్ వస్తోంది. మామూలు మెసేజీ ఒక్కో నంబరుకు విడిగా వెళ్లాలి, రద్దీలో చిక్కుకుంటుంది. ఇదైతే టవరు దండోరా వేసినట్టు, దాని పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒక్కసారే చేరుతుంది. 2027 చివరికల్లా ప్రపంచంలో ప్రతి మనిషికీ ముందస్తు హెచ్చరిక అందాలని 2022లో ఐక్యరాజ్యసమితి సంకల్పించింది. ఆ హెచ్చరికను జనానికి చేరవేసే భాగానికి నాయకత్వం టెలికమ్యూనికేషన్ యూనియన్‌దే.

దూరంగా, తోటల మీద మెరుపు దిగింది. కాసేపటి కిందట మీరు ముగ్గురూ ఉన్నది అటు వైపే.

మీ ఫోను సెట్టింగుల్లో అత్యవసర హెచ్చరికలు ఆపేసి ఉంటే ఈ రోజే తిరిగి పెట్టుకోండి. ఇంట్లో చదవలేని పెద్దలుంటే, మెసేజీ రాగానే చదివి వినిపించండి.