కాచడమా, నానబెట్టడమా? తేనీటి తయారీ చరిత్రకు తెలుగు మాటల సాక్ష్యం

తెలుగు వ్రాతలో తేనీరు ‘సేవించే’ వస్తువు. గవర్నరు ఇచ్చే తేనీటి విందును గురించి పత్రికలు రాస్తాయి. సదస్సుల కార్యక్రమ పత్రాల్లో ‘తేనీటి విరామం’ కనిపిస్తుంది. కాని పొయ్యి దగ్గర ఈ మాట వినిపించదు. అక్కడ టీ ‘పెడతారు’, ‘కాస్తారు’, ‘మరిగిస్తారు’, ‘దించుతారు’, ‘వడకడతారు’. హైదరాబాదులోనూ తెలంగాణ జిల్లాల్లోనూ చాయ్ ‘పెడతారు’, ‘చేస్తారు’, ‘పోస్తారు’. వ్రాతభాష తాగడానికి పేరు పెట్టుకుని, చేయడాన్ని వాడుకభాషకు వదిలేసింది. తేయాకు చరిత్ర రచనలోనూ ఇటువంటి ఉపేక్షే ఉంది. తోటలు, కూలీలు, కంపెనీలు, వేలంపాటలు విస్తారంగా చర్చకు వచ్చినంతగా పొయ్యి మీది గిన్నె రాలేదు.

నీళ్లు, పాలు, పొడి, చక్కెర ఒకే గిన్నెలో కాచే పద్ధతిని గురించి రెండు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. ఇది ఇంగ్లీషువారి పద్ధతిని సరిగా నేర్వలేక చెడగొట్టుకున్న రూపమని ఒకటి. కషాయాల సంప్రదాయం నుండి అవిచ్ఛిన్నంగా వస్తున్న ప్రాచీన భారతీయ పానీయమని రెండవది. మొదటిది నానబెట్టడమే తేనీటికి సహజమైన పద్ధతి అనుకుంటుంది. రెండవది పద్ధతిలోని పోలికను వంశక్రమంగా పొరబడుతుంది. తేయాకు చరిత్రను, తెలుగు మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండూ నిలిచేవి కావు. కాచిన టీ ఇరవయ్యో శతాబ్దపు పదార్థాలు, ధరలు కలిసి తయారుచేసిన కొత్త వంట.

క్వాథం, ఫాంటం

మందు ద్రవ్యం నుండి సారాన్ని తీసే పద్ధతులను ఆయుర్వేదం ఐదుగా విభజించింది: స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం. ప్రస్తుత చర్చకు క్వాథం, ఫాంటం ముఖ్యమైనవి. ద్రవ్యాన్ని పదహారు రెట్ల నీటిలో వేసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచితే క్వాథం. నాలుగు రెట్ల వేడినీటిలో ద్రవ్యాన్ని వేసి, నానిన తరువాత వడకడితే ఫాంటం. శార్ఙ్గధర సంహిత ఈ కొలతలను స్పష్టంగా చెప్పింది. ఈ పరిభాషలో ఇంగ్లీషువారి కూజా టీ ఫాంటం, మన గిన్నెలోని టీ క్వాథం.

కషాయమనే మాటకు తెలుగువారికి తెలిసిన అర్థాలు రెండు. ఒకటి కాచిన మందు, రెండవది షడ్రసాల్లో ఒకటైన వగరు. తేయాకును ఎంత ఎక్కువసేపు కాస్తే అంత వగరు దిగుతుంది కనుక, రెండర్థాలూ టీగిన్నెలో కలుసుకుంటాయి. ఈ సామ్యం ఆకర్షణీయమైనదే. ‘డికాషన్’ అనే అరువుమాట ఇందుకు తోడైంది. కాని ఆ మాట ప్రయోగాన్ని నిశితంగా చూస్తే వంశక్రమ వాదం సడలుతుంది. తెలుగు ఇళ్లలో డికాషన్ అనగానే ముందు స్ఫురించేది కాఫీ. రెండంతస్తుల ఫిల్టరు పైగిన్నెలో పొడి వేసి, మరిగిన నీళ్లు పోస్తే బొట్టుబొట్టుగా కిందికి దిగేది అది. అక్కడ పొడి పొయ్యి ఎక్కదు. అంటే శాస్త్రరీత్యా ఫాంటానికి దగ్గరైనదానిని క్వాథవాచకంతో పిలుస్తున్నారు. నిజంగా కాచేదానిని మాత్రం, పాలతో కలిపి కాచినప్పుడు, డికాషన్ అనడం లేదు, ఉత్తి ‘టీ’ అంటున్నారు. జనవ్యవహారం వైద్యశాస్త్ర విభజనను అనుసరించడం లేదనడానికి ఇంతకంటే వేరే నిదర్శనం అక్కరలేదు.

నానబెట్టడం ఎప్పటిది?

తేనీటిని ఆకు నానబెట్టి తాగడమే మూలపద్ధతి అన్న భావనను చైనా చరిత్ర సమర్థించదు. ఎనిమిదో శతాబ్దంలో లూ యూ రచించిన ‘చా జింగ్’ తేనీటి తయారీపై వచ్చిన తొలి సమగ్ర గ్రంథం. అది వర్ణించేది కాచే పద్ధతినే. అచ్చులుగా నొక్కిన తేయాకును కాల్చి, పొడిచేసి, పొయ్యి మీది నీటిలో వేయాలి. మరుగును లూ యూ మూడు దశలుగా గుర్తిస్తాడు. చేపకళ్లవంటి బుడగలు లేచినప్పుడు కొద్దిగా ఉప్పు, అంచుల వెంట ముత్యాలసరం కనిపించినప్పుడు పొడి, అలలు లేచినప్పుడు ముందుగా తీసి ఉంచిన నీరు పోయాలి. చివరిది పొంగును అణచడానికి. ఉల్లి, అల్లం, పుదీనా, నారింజతొక్క వేసి తేయాకును కాచేవారిని ఆయన ఈసడించుకున్నాడు, అది కాలవలో పారబోసే నీళ్లతో సమానమన్నాడు. ఆయన ఆక్షేపణ వల్ల తేలేదేమిటంటే, అల్లంటీ ఎనిమిదో శతాబ్దపు చైనాలో బాగా చెలామణిలో ఉన్నదే.

సాంగ్ వంశకాలంలో పొడిని గిన్నెలో వేసి చిలికే పద్ధతి వచ్చింది. విడి ఆకును వేడినీటిలో నానబెట్టడం ప్రధాన పద్ధతిగా స్థిరపడింది మింగ్ వంశకాలంలో. అచ్చుల రూపంలో తేయాకును కప్పంగా పంపనవసరం లేదని 1391లో హోంగ్‌వూ చక్రవర్తి ఉత్తర్వు చేయడం ఇందుకు ఊతమిచ్చింది. డచ్చివారి ఓడల్లో పదిహేడో శతాబ్ది తొలిపాదంలో తేయాకు ఐరోపా చేరింది. అప్పటికి చైనాలో కూజా పద్ధతి నడుస్తోంది. ఐరోపావారు తాము చూసినదానిని నేర్చుకున్నారు. వారు మరో అయిదారు వందల ఏళ్లు ముందు వెళ్లి ఉంటే వేరే పద్ధతి నేర్చుకుని ఉండేవారు. ఇంగ్లీషు ‘సరైన పద్ధతి’ ఒక పరిచయకాలపు పద్ధతి మాత్రమే.

అట్లని భారతీయులు లూ యూ సంప్రదాయాన్ని కొనసాగించారనడానికీ వీల్లేదు. కాశ్మీరులో ఆకుపచ్చ తేయాకును సోడాతో చాలాసేపు కాచి, గరిటెతో ఎత్తిపోసి, పాలూ ఉప్పూ చేర్చి గులాబీరంగు తెప్పించే నూన్‌చాయ్‌కి మధ్య ఆసియా సంబంధాలున్నాయి. దక్కను పొయ్యి కథ వేరు.

‘సరైన పద్ధతి’ ప్రచారం

1823లో అస్సాంలో సింగ్‌ఫో ప్రజల వద్ద తేయాకు మొక్కను రాబర్ట్ బ్రూస్ గుర్తించడం, 1834లో తేయాకు సంఘం ఏర్పడడం, 1839లో అస్సాం తేయాకు లండన్ వేలంలోకి రావడం తెలిసిన విషయాలే. దాదాపు ఆ శతాబ్దమంతా తోటల యజమానుల చూపు విదేశపు మార్కెట్ల మీదే ఉంది. ఎగుమతులపై సుంకం విధించి ఆ సొమ్మును ప్రచారానికి వాడే చట్టం 1903లో వచ్చింది. ఆర్థికమాంద్యం తరువాత 1933లో అంతర్జాతీయ ఒప్పందం ఎగుమతులను పరిమితం చేసింది. మిగిలిన సరుకుకు దేశంలోనే గిరాకీ పుట్టించవలసి వచ్చింది. రైల్వేస్టేషన్లలో పలకలు వెలిశాయి, సంతల్లో ఉచితంగా కప్పులు పంచారు, దేశభాషల్లో బొమ్మల గోడపత్రికలు వచ్చాయి.

ఆ ప్రచారం టీ తాగమని చెప్పి ఊరుకోలేదు, ఎలా చేయాలో కూడా నేర్పబూనింది. కూజాను ముందు వేడిచేయాలి. మనిషికి ఒక చెంచా, కూజాకు ఒక చెంచా ఆకు వేయాలి. అప్పుడే మరిగిన నీళ్లు పోసి అయిదు నిమిషాలు ఆగాలి. పాలు, చక్కెర కప్పులోనే కలుపుకోవాలి. జనం తాగడం నేర్చుకున్నారు గాని ఈ పాఠాన్ని పట్టించుకోలేదు. వీధి వ్యాపారులు ఆకు తక్కువ వేసి, పాలూ చక్కెరా ఎక్కువ పోసి, అల్లం, ఏలకులు తగిలించి గిన్నెలో కాచేవారు. మసాలా ఘాటు వల్ల ఆకు ఆదా అవుతుంది కనుక ఇది తేయాకు ప్రచారకులకు నచ్చలేదు. లూ యూ అభ్యంతరం రుచికి సంబంధించినది, వీరిది అమ్మకానికి సంబంధించినది.

విచిత్రమేమంటే, తేనీటిని వ్యతిరేకించిన గాంధీజీ, అమ్మదలచిన ప్రచారకులు ఈ ఒక్క విషయంలో ఏకీభవించారు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా ఆయన రాసిన ఆరోగ్యగ్రంథం, ‘కీ టు హెల్త్’ పేరుతో ఇంగ్లీషులో వచ్చినది, తేయాకులోని టానిన్ హానికరమని చెబుతూ ఆకును కాచడాన్ని తప్పుపడుతుంది. తాగక తప్పకపోతే జల్లెడలో ఆకు ఉంచి, పైనుండి మరిగిన నీరు పోయాలి. దిగిన నీరు గడ్డిరంగులో ఉండాలి. ఒకరు ఆరోగ్యం పేర, మరొకరు రుచి పేర వద్దన్న పద్ధతినే దేశం ఎంచుకుంది. దీనిని అజ్ఞానమని తీసిపారేయడం చరిత్రకారుని పని కాదు.

టీపొడి, చాయ్‌పత్తి

ఆ ఎంపికకు కారణం వంటింట్లో ఉన్న ఒక మాటలోనే దొరుకుతుంది. కోస్తాలో, రాయలసీమలో అంగడికి వెళ్లి కొనేది ‘టీపొడి’. ఆకు అని ఎవరూ అడగరు. ఉర్దూ ప్రభావంతో తెలంగాణలో వాడే ‘చాయ్‌పత్తి’లో పత్తి అంటే ఆకే అయినా, పొట్లంలో ఉండేది గుళికలో పొడో తప్ప ఆకు కాదు. మేలైన ఆకు ఎగుమతికి పోగా, దేశంలో చవకగా దొరికినది ఎక్కువగా తూర్పారబట్టగా మిగిలిన సన్నరకం. 1930ల ఆరంభంలో అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ రూపొందించిన యంత్రం ఆకును నలిపి, చింపి, చుట్టి గుళికలుగా మార్చింది. సి.టి.సి. అని పిలిచే ఈ రకం స్వాతంత్ర్యానంతరం విస్తరించి, నేడు దేశంలోని ఉత్పత్తిలో అత్యధిక భాగమైంది. ముక్క చిన్నదయ్యేకొద్దీ నీటికి తగిలే పార్శ్వం పెరుగుతుంది. రంగు, వగరు త్వరగా, గట్టిగా దిగుతాయి. పొడి కిలోకు ఎక్కువ కప్పులు వస్తాయి.

ఇటువంటి పొడిని కూజాలో నానబెట్టి, పాలు లేకుండా తాగితే నాలుక పట్టేస్తుంది. పాలలోని కేసీన్ టానిన్లను పట్టుకుని వగరును తగ్గిస్తుంది. పాలు కాగవలసినవే, పొయ్యి వెలిగించవలసినదే. రెండు గిన్నెలకు బదులు ఒక గిన్నె సరిపోతుంది. బొగ్గుల కుంపటి మీద, కిరసనాయిలు స్టవ్వు మీద వంటచేసే ఇంటికి ఈ పొదుపు చిన్నదేమీ కాదు. చవక పొడి, పాలు, ఒకే మంట కలిసిన చోట కాచడం తప్ప మరో పద్ధతి గెలిచే అవకాశం లేదు. క్వాథంతో పోలిక తరువాత చూసి గుర్తుపట్టినది మాత్రమే.

క్రియాపదాలు దీనిని చక్కగా పట్టిస్తాయి. కాఫీకీ టీకీ ‘పెట్టు’ వాడుక ఉన్నా, ‘కలుపు’ అనే క్రియ కాఫీ వైపు మొగ్గుతుంది. డికాషన్, పాలు వేరువేరుగా తయారై గ్లాసులో కలుస్తాయి కనుక కాఫీ ‘కలుపుతారు’. టీ గిన్నెలోనే పుడుతుంది కనుక ‘పెడతారు’, ‘కాస్తారు’. ఈ తేడాకు హైదరాబాదు ఇరానీ చాయ్ ఆసక్తికరమైన మినహాయింపు. అక్కడ మూతపెట్టిన పాత్రలో డికాషన్ సన్నసెగ మీద చాలాసేపు మగ్గుతుంది. పాలు మరో పాత్రలో చిక్కబడతాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. నిర్మాణరీత్యా ఇది టీకంటే కాఫీకి దగ్గర. పేరు ఇరానీదే గాని ఇరానులో చాయ్‌లో పాలు పోయరు. హోటలు పెట్టినవారు ఇరాను నుండి బొంబాయి మీదుగా వచ్చినవారు, చాయ్ మాత్రం ఇక్కడిది. చెంచా నిలబడేంత చక్కెర వేసిన ‘ఖడీ చమ్మచ్’ అన్న పేరు కూడా ఈ నగరపు మాటే.

పానీయపు పేర్ల విషయానికి వస్తే, ‘టీ’ ఇంగ్లీషు ద్వారా, ‘చాయ్’ ఫారసీ, ఉర్దూల ద్వారా వచ్చాయి. ‘తేయాకు’, ‘తేనీరు’ల్లోని దంత్య తకారం మరో దారిని సూచిస్తుంది. టికెట్టు, టేబులు, టైము అన్నట్లుగా ఇంగ్లీషు ధ్వని తెలుగులో టకారమవుతుంది. తమిళంలో తేయిలై, తేనీర్, సింహళంలో తే ఉన్నాయి. చైనా ఆగ్నేయతీరపు ‘తే’ను ఓడలకెక్కించిన డచ్చివారి పలుకుబడిలోనూ, యానాం, పుదుచ్చేరిల ఫ్రెంచివారి పలుకుబడిలోనూ దంత్యధ్వనికి దగ్గరైన ఉచ్చారణే ఉంది. తేనెను స్ఫురింపజేయడం ‘తేనీరు’కు కలిసివచ్చిన అదృష్టం. ఆ తీపి వల్లనే కావచ్చు, అది విందులకు పోయింది, పొయ్యి దగ్గరికి రాలేదు.

పాలు, చక్కెర చేరని కాచిన టీ ఒకటి ఈ చర్చలో మిగిలి ఉంది. అస్సాం తోటల్లో కార్మికులు తాగేది ఉప్పు వేసి కాచిన నల్ల టీ. ఎండలో ఆకు కోసేవారికి చెమటతో పోయిన ఉప్పును అది తిరిగి ఇస్తుంది. మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి ఆ తోటలకు వలసపోయినవారిలో తెలుగువారూ ఉన్నారు. వారి సంతతి నేటికీ అక్కడ ఉంది. తెలుగులో టీ మాటలను సేకరించేవారు కోస్తా హోటళ్లు, హైదరాబాదు ఇరానీలతో ఆగక ఆ తోటల దాకా వెళ్లవలసి ఉంటుంది. వ్యవసాయ పదాలతో 1962లో మొదలైన మాండలిక వృత్తి పదకోశాల పద్ధతి ఇందుకు తగిన నమూనా: ప్రతి పరికరానికీ, పొంగుకూ, దింపుకూ, వడపోతకూ ఊరివారీగా మాట, మాట పక్కన దాన్ని పలికినవారి వృత్తి.