ఒక్క సంవత్సరం, మూడు లెక్కలు
మన పొరుగునున్న హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో కాకతీయ రుద్రదేవుడు వ్రాయించిన కాలం శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘమాసం. క్రీస్తుశకంలో అది 1163 జనవరి. మన హిజ్రీలో 558.

పూర్వం అరబ్బులు 'ఏనుగు సంవత్సరం' అంటూ సంఘటనల పేరిట ఏడాదిని గుర్తించేవారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో సహాబాల సంప్రదింపుతో హిజ్రత్ జరిగిన ఏడు మొదటిదైంది.

చాంద్ర సంవత్సరం సౌర సంవత్సరం కన్నా దాదాపు 11 రోజులు చిన్నది. తెలుగు పంచాంగం అధికమాసంతో ఆ తేడాను పూడుస్తుంది. హిజ్రీలో అది లేదు. కనుక జకాత్‌ను జనవరి నుండి జనవరికి లెక్కించేవాడు దాదాపు 33 ఏళ్లలో ఒక పూర్తి ఏడాది జకాత్‌ను ఎగవేసినట్లే. అది పేదల హక్కు. గోడమీద ఏ క్యాలెండర్ ఉన్నా, జకాత్ తేదీని మనం హిజ్రీలోనే వ్రాసిపెట్టుకుందాం.