సర్కారు మొక్కలు, మా తండాలు

బాన్సువాడ చుట్టుపక్కల తండాల్లో మా ఆడపిల్లలకు నారు పెంచడం ఎవరూ కొత్తగా నేర్పలేదు. శ్రావణంలో తీజ్ వస్తే పెళ్లికాని పిల్లలు గోధుమలు నానబెట్టి, వెదురు బుట్టల్లో మట్టి, ఎరువు కలిపి చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. మొలక ఎంత పచ్చగా వస్తే తండాకు అంత మంచిదని మా పెద్దల నమ్మకం. అందుకే సర్కారు నర్సరీలు వచ్చినప్పుడు అక్కడి పని మాకు కొత్తగా అనిపించలేదు. ఆ పని వెనకున్న లెక్కలే మాకు కొత్త.

మా పూర్వీకులు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసిన లదేణివాళ్లు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ బతుకు పోయింది. ఎక్కడ మేత, నీళ్లు దొరికితే అక్కడ తండాలు వేసుకున్నారు. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ కట్టడం పూర్తయింది. కాలువ కింది భూముల్లో వరి, చెరకు పండాయి. మాలో ఎక్కువమందికి దక్కింది మాత్రం అడవి అంచున మెరక చెలక. ఇప్ప, మోదుగ, తునికి, టేకు ఉన్న అడవి అది. ఎండాకాలం తునికాకు కోసి బీడీలకు అమ్మేవాళ్లం.

1950లో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ దేశమంతటా వనమహోత్సవం మొదలుపెట్టాడు. 1980ల్లో సామాజిక వనాల పేరుతో నీలగిరి, సుబాబుల్ వచ్చాయి. మేకలు ఎక్కడ మేయాలో ఎవరూ చెప్పలేదు. 1990ల్లో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. కూలి కొంత దొరికింది.

అసలు మార్పు 2015 జూలైలో హరితహారంతో మొదలైంది. రాష్ట్రంలో అడవి, చెట్ల విస్తీర్ణం 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని, 230 కోట్ల మొక్కలు నాటాలని సర్కారు లక్ష్యం పెట్టుకుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం దీన్ని ఊరి మీద పెట్టింది. ఊరూరా నర్సరీ ఉండాలి, పంచాయతీ డబ్బులో పదో వంతు పచ్చదనానికే ఖర్చు చేయాలి, నాటినవాటిలో 85 శాతం బతకాలి. బతకకపోతే సర్పంచ్, కార్యదర్శి పదవులకే ముప్పు. అదే ఏడాది ఆగస్టులో 500 జనాభా దాటిన తండాలు కూడా పంచాయతీలయ్యాయి. మా తండాలో మా రాజ్యమని సంబరపడ్డాం. కుర్చీతో పాటు మొక్కల లెక్క కూడా మా నెత్తికే వచ్చింది.

నర్సరీలో నిజమైన పని చేసేది ఉపాధిహామీ కూలికి వచ్చే ఆడవాళ్లే. ఎర్రమట్టి జల్లించి, ఇసుక, పశువుల ఎరువు కలిపి పాలిథిన్ సంచులు నింపుతారు. వేప గింజ నిలవుంటే మొలవదు, రాలిన కొద్ది రోజుల్లోనే పెట్టాలి. ఇప్ప గింజ కూడా అంతే. టేకు గింజ మొండిది, నానబెట్టి ఎండబెట్టడం పలుమార్లు చేయాలి. వేరు సంచి దాటి నేలలోకి దిగకుండా సంచులను అప్పుడప్పుడూ జరపాలి. మే నెల ఎండలో బోరు ఆగితే రెండు రోజుల్లో నర్సరీ మాడిపోతుంది. ఇవన్నీ మా అవ్వలకు చేతిలో పని. ఏ మొక్క పెంచాలో మాత్రం వాళ్లను అడిగేవాళ్లు తక్కువ. ఇప్ప, చింత అడిగితే కోనోకార్పస్ పెట్టమన్నారు. తర్వాత దాన్ని నాటొద్దని సర్కారే చెప్పింది.

ఇంతకన్నా పెద్ద బాధ పోడు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు హక్కు ఇవ్వమంది. దరఖాస్తులు పెట్టి ఏళ్లు చూశాం. ఈలోగా రాష్ట్రంలో చాలాచోట్ల పోడు చుట్టూ కందకాలు తవ్వారు, గుంతలు తీసి మొక్కలు పెట్టారు. ఒక చేత్తో సంచి నింపి కూలి తీసుకున్న మనిషే, ఆ సంచిలోని మొక్క తన జొన్న చేనులో నాటుతుంటే అడ్డం నిలబడాల్సి వచ్చింది. మేం మొక్కకు శత్రువులమని రాసినవాళ్లు ఈ సంగతి రాయలేదు.

2023 జూన్ చివర నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాల పంపిణీ మొదలైంది. అందినవాళ్లు ఉన్నారు, కాగితం కోసం ఇంకా తిరుగుతున్నవాళ్లూ ఉన్నారు. 2024లో హరితహారం పోయి మళ్లీ వనమహోత్సవం పేరు వచ్చింది. నర్సరీల్లో సంచులు నింపే చేతులు మాత్రం మారలేదు. ఈ ఏడు పంచాయతీ గ్రామసభలో మా ఆడవాళ్లు రెండు మాటలే అడగాలనుకున్నారు: సంచుల్లో సగం ఇప్ప, చింత, తునికి ఉండాలి, పట్టా తేలని చేనులో గుంత తీయొద్దు.