కోరం సెన్సింగ్

కోరం సెన్సింగ్ అనేది బ్యాక్టీరియా కణాలు రసాయన సంకేత అణువులను విడుదల చేసి, వాటి గాఢతను బట్టి తమ సంఖ్యను పసిగట్టి, జన్యువుల పనితీరును మూకుమ్మడిగా మార్చుకునే ప్రక్రియ. 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ సముద్రపు బ్యాక్టీరియా విబ్రియో ఫిషరీ వెలుగు వెనుక ఇది ఉందని వివరించారు. ఈ పేరు 1994లో వచ్చింది. సూడోమోనాస్ ఎరుజినోసాలో లాస్‌ఐ ఎంజైము సంకేతాన్ని తయారుచేస్తే లాస్‌ఆర్ ప్రోటీను దాన్ని అందుకుంటుంది. 1998లో డేవిడ్ డేవిస్ బృందం లాస్‌ఐ లోపించిన రకాన్ని పెంచగా, మందమైన బయోఫిల్మ్‌కు (ఉపరితలానికి అతుక్కుని పెరిగే బ్యాక్టీరియా పొరకు) బదులు పల్చని పొర ఏర్పడి, డిటర్జెంటు తగలగానే విడిపోయింది. సంకేత అణువును బయటి నుంచి అందిస్తే మామూలు నిర్మాణం తిరిగి వచ్చింది.

అయితే సంకేతం పెరిగితే బయోఫిల్మ్ పెరుగుతుందనే సూత్రం అన్నిటికీ వర్తించదు. విబ్రియో కలరే సంఖ్య పెరిగినప్పుడు హాప్‌ఆర్ ప్రోటీను బయోఫిల్మ్‌నూ కలరా విషం ఉత్పత్తినీ అణచివేస్తుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్‌లో ఏజీఆర్ అనే కోరం సెన్సింగ్ వ్యవస్థ మేల్కొంటే కణాలు పొర నుంచి విడివడతాయి. అంటే అతుక్కోవాలా, చెదిరిపోవాలా అన్న సమయాన్ని నిర్ణయించడమే ఈ సంభాషణ అసలు పాత్ర. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల ఊపిరితిత్తుల్లో లాస్‌ఆర్ దెబ్బతిన్న సూడోమోనాస్ రకాలు తరచూ కనిపించడాన్ని ఈ సంభాషణ కీలకమన్న వాదనకు అభ్యంతరంగా చూపుతారు. కానీ వాటిలో కొన్నిటిలో ఆర్‌హెచ్ఎల్ అనే రెండో వ్యవస్థ స్వతంత్రంగా పనిచేస్తూనే ఉంటుంది. అందువల్ల సంకేతాలను అడ్డుకునే చికిత్స క్రిమిని బట్టి మారాలి. స్టాఫిలోకాకస్‌లో ఆ అడ్డు బయోఫిల్మ్‌ను బలపరచే ప్రమాదమూ ఉంది.